గొలుసు ఆపిన ముప్పావుగంట

లిసియాతే కత్తిని కమ్మీమీద రెండువైపులా నూరి వెనక్కి తిరిగేసరికి తరువాతి ఎద్దు వచ్చేసింది. వెనకకాలికి గొలుసు బిగించి తలకిందులుగా వేలాడదీసిన ఎద్దు. నాలుక పక్కకి జారింది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. అతను ఎడమచేత్తో దవడ కింద పట్టుకుని చర్మం బిగదీశాడు. మొదటి కోత చర్మానికి. రెండోది లోపలికి, గుండె దగ్గరి పెద్ద నాళానికి. కోసి అరడుగు పక్కకు తప్పుకున్నాడు. నెత్తురు ఒక్కసారిగా దూకి కింద ఇనుప జల్లెడ మీద పడి, చలిగాలిలో పొగలు కక్కింది. కత్తిని మరిగే నీళ్లతొట్టిలో పడేసి ఇంకో కత్తి తీశాడు. అప్పటికే మరో ఎద్దు వచ్చి నిలిచింది.

గోడకి అవతల ఇనుప పెట్టెలో నెవిల్ ఎద్దు నుదుటిమీద స్పృహ తప్పించే తుపాకి పేలుస్తాడు. ఎద్దు కూలుతుంది. తలుపు తెరుచుకుంటుంది. గొలుసు కిర్రుమంటుంది. ఆ చప్పుళ్ల తర్వాత లిసియాతే వంతు. టోంగా నుంచి ఈ ఆస్ట్రేలియా ఊరికి పడుచువాడుగా వచ్చి, ఈ కబేళాలో ఈ ఇనుప అరుగెక్కాడు. ఇప్పుడు గడ్డం నెరిసింది. నిలబడితే గుమ్మం నిండేంత మనిషి. కుడిభుజం ఎడమదానికంటే కిందికి జారిపోయింది. పొద్దున్న లేచాక కుడిచేతి వేళ్లు తెరుచుకోవు. ఎడమచేత్తో ఒక్కొక్కటే విప్పుకోవాలి. పెళ్లయిన కొత్తలో అతని భార్య లూపే ఆ చేతిని వేడినీళ్లలో ముంచి, కూనిరాగం తీస్తూ వేళ్లు విప్పేది. తర్వాత ఆమెకీ అక్కడే, ప్యాకింగు గదిలో, సాయంత్రం షిఫ్టులో పని దొరికింది. అతను లేచే వేళకి ఆమె నిద్రలో ఉంటుంది. ఆమె ఇల్లు చేరే వేళకి అతను నిద్రలో ఉంటాడు.

కాపురమంతా కబేళా ముందు కార్లు నిలిపే చోటే సాగింది. మూడింటికి అతను బయటికొస్తాడు. ఆమె పక్కింటివాళ్ల వ్యానులో అక్కడ దిగుతుంది. ఆమె లోపలికి వెళ్లేలోపు కారులో కూర్చుని, చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి ఉడికించిన మాంసం తింటారు. అద్దెల సంగతి, చర్చి సంగతి, చచ్చిపోయిన చుట్టాల సంగతి, అన్నీ ఆ కాస్త వ్యవధిలోనే. ఏడుపొస్తే ఏడవటం కూడా అప్పుడే.

నిన్న అక్కడే లూపే చెప్పింది: "రేపు కెలెపి వస్తున్నాడు. మూడింటికి తీసుకొస్తా."

లిసియాతే నోట్లో ముద్ద నమలటం ఆపేశాడు.

"నువ్వేం మాట్లాడక్కర్లేదయ్యా. వచ్చి కూర్చో, చాలు. వాడూ కూర్చుంటాడు. సాయంత్రం బస్సుకి మళ్లీ బ్రిస్బేన్ వెళ్లిపోతాడంట."

కెలెపి వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. ఇంట్లోంచి వెళ్లి రెండేళ్లు దాటింది. అంతకుముందు ఒక ఆదివారం మధ్యాహ్నం కుర్చీలో నిద్రపోతున్న తండ్రిని అన్నానికి లేపుదామని భుజమ్మీద చెయ్యేశాడు. లిసియాతే కళ్లు తెరవలేదు. చెయ్యి మాత్రం తెరుచుకుంది. ఎడమచెయ్యి పిల్లవాడి దవడ కింద పట్టి పైకెత్తింది, కుడిచెయ్యి పిడికిలై వచ్చి పడింది. ఆ చేతిలో కత్తి లేదు, అదొక్కటే అదృష్టం. దవడ రెండుచోట్ల విరిగింది. ఆస్పత్రిలో కెలెపి సైకిలు మీంచి పడ్డానని చెప్పాడు. దవడ కదలకుండా తీగ కట్టిన నోటితో తండ్రివైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, భయమే ఉంది. ఆ రోజునుంచి లిసియాతే ఎవరూ లేని గదిలో, తలుపు గడియ పెట్టుకుని పడుకుంటాడు.

పొద్దున్న విరామానికి కాస్త ముందు గొలుసు ఆగింది. ఫోర్‌మన్ డగ్ హాలొరన్ చప్పట్లు కొట్టి, "అందరూ క్యాంటీనుకి పదండి. సిడ్నీనుంచి పెద్దాయనొచ్చాడు. గమ్‌బూట్లు కడుక్కు రండి," అన్నాడు.

క్యాంటీనులో నారింజలూ అరటిపళ్లూ బుట్టల్లో పెట్టారు. కంపెనీ అధిపతి జూలియన్ ప్రెస్కాట్ కొత్త తెల్లకోటు తొడుక్కుని నిలబడ్డాడు. మడతలు ఇంకా పోని కోటు. ముఖం ప్రసన్నంగా ఉంది. అబద్ధం చెప్పే మనిషిలా లేడు.

"సార్ అనొద్దు, జూలియన్ అనండి," అని మొదలుపెట్టాడు. "నేను కూడా ఒకప్పుడు రాత్రింబవళ్లు పనిచేశాను. నా కూతురు పుట్టినరోజు మూడుసార్లు మర్చిపోయాను. ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. బుధవారం మధ్యాహ్నం నా ఫోను మూగది. మా అమ్మాయి పడవపందేలకు సాధన చేస్తుంది, నేను ఒడ్డున నిలబడతాను. మీరూ అంతే. పనిని గేటు దగ్గర వదిలేసి ఇంటికి వెళ్లండి. పనికి పని, బతుకుకి బతుకు."

పేగులు కడిగే గదిలోంచి వచ్చిన షెరిల్ చెయ్యెత్తింది. "నా పనీ బతుకూ రెండూ ఈ బూట్లలోనే ఉన్నాయి నాయనా. ఏది గేటు దగ్గర వదలమంటావు, కుడిదా ఎడమదా?"

అందరూ నవ్వారు. జూలియన్ కూడా మనస్ఫూర్తిగా నవ్వాడు.

"ఇంకోటి చెప్పు," అంది షెరిల్. "ఇక్కడ కూర్చోబెట్టిన ఈ టైము మా షిఫ్టులోదేనా, లేకపోతే సాయంత్రం మా దగ్గర లాక్కుంటారా?"

"ఈ సమయం మీదే," అన్నాడు జూలియన్. డగ్ తన బూట్లవైపు చూసుకున్నాడు.

చివర్లో ఫొటో కావాలన్నారు. అందరికంటే పెద్ద మనిషి గనక లిసియాతేని ముందుకు తోశారు. జూలియన్ చెయ్యి కలిపాడు. ముడుచుకున్న వేళ్లు పూర్తిగా తెరుచుకోలేదు. ఆయన దాన్నే పట్టుకుని ఊపాడు.

"పిల్లలెంతమంది?"

"ఒకడు. ఇవాళే వస్తున్నాడు, మూడింటికి. చాలారోజులైంది వాణ్ణి చూసి."

జూలియన్ కళ్లు మెరిశాయి. "చూశారా! నేను చెప్పేది అదే. దాన్ని దేనికోసమూ వదులుకోకండి," అని భుజం తట్టాడు. కొత్త కోటుకి నెత్తుటి మరకంటింది. ఆయన గమనించలేదు. కాసేపటికి ఊరి చివర చిన్న విమానం లేచిన చప్పుడు పశువుల దొడ్డిమీదుగా వినిపించింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర డగ్ చెప్పాడు: ముప్పావుగంట గొలుసు ఆగింది కాబట్టి ముప్పావుగంట ఆలస్యంగా వదులుతారు. లారీలు ఓడకి అందాలి.

లిసియాతే అతని వెనకే నడవాలోకి వెళ్లాడు. ఇన్నేళ్లలో డగ్‌ని ఏదీ అడిగి ఎరగడు.

"నన్ను మూడింటికి వదులు డగ్. కొడుకొస్తున్నాడు."

"ఇంకో కోతగాడు లేడు లీస్. తెలుసుగా నీకు."

"ఆయన నా ఎదురుగానే చెప్పాడు. ఈ టైము మాదేనన్నాడు."

"ఆయనకేం, చెప్తాడు. చెప్పి విమానమెక్కాడు. లారీ వెళ్లకపోతే ఫోనొచ్చేది నాకు." డగ్ విసుగ్గా వెనుదిరిగాడు. "వెళ్తే వెళ్లు. రేపట్నించి రాకు. నీ పెళ్లాన్నీ రావొద్దని చెప్పు."

ఆ తర్వాత ఏం జరిగిందో లిసియాతేకి తెలిసేలోపే జరిగిపోయింది. ఎడమచెయ్యి డగ్ దవడ కింద పట్టి గోడకి ఎత్తింది. డగ్ కాళ్లు నేలనుంచి లేచి గాలిలో తన్నుకున్నాయి. తల గోడ పలకలకి కొట్టుకుని ఒక పలక పగిలింది. కుడిచెయ్యి నడుముకున్న కత్తుల ఒరమీదికి వెళ్లి పిడిని పట్టుకుంది. డగ్ గొంతులోంచి గురక లాంటి చప్పుడొచ్చింది. కళ్లు పెద్దవయ్యాయి. ఆ కళ్లలో, ఆస్పత్రిలో తీగ కట్టిన నోటితో తనవైపు చూసిన కెలెపి కళ్లు లిసియాతేకి కనబడ్డాయి.

చెయ్యి వదిలేశాడు. డగ్ నేలమీద కూలబడి దగ్గుతూ ఉండిపోయాడు. లిసియాతే తన రెండుచేతులూ చంకల్లో దూర్చుకుని గోడకి ఆనుకున్నాడు, ఎవరో లాక్కుంటారన్నట్టు. వెక్కిళ్లొస్తున్నాయి.

"పోలీసుల్ని పిలు," అన్నాడు.

డగ్ మెడ తడుముకున్నాడు. వేళ్లకి ఎద్దు నెత్తురంటింది. "పిలిస్తే గొలుసు ఆగిపోతుంది," అన్నాడు బొంగురుగా. "నాకూ ఇల్లుండేది లీస్. ఈ గొలుసు మూలంగానే నా పెళ్లాం వెళ్లిపోయింది, తెలుసా నీకు? సరే. ఒక పని చేద్దాం. జోరు పెంచుతా. మూడింటికల్లా ఇవాళ్టి ఎడ్లన్నీ అయిపోతే అందరూ టైముకే ఇంటికి పోతారు. సరేనా?"

అందరికీ ఇళ్లున్నాయి. ఎవరూ కాదనలేదు, ఇనుప పెట్టె దగ్గర నెవిల్ తప్ప. నెవిల్ ఎండుకర్రలాంటి ముసలివాడు. తుపాకి పేల్చేముందు ప్రతి ఎద్దునీ ఏదో ఒకటి పలకరిస్తాడు. "బెదిరిన ఎద్దు తలూపుతుంది డగ్. అది ఆగేదాకా నేనాగాలి. ఇంత జోరుగా అంటే గురి కుదరదు."

"ఊపినా కొట్టు."

గొలుసు కదిలింది. లిసియాతే జీవితంలో అంత వేగం చూడలేదు. కమ్మీమీద కత్తి నూరే వ్యవధి లేదు. మొద్దుబారిన కత్తితోనే కోశాడు; ఒక కోతకి బదులు రెండు పడ్డాయి. నెత్తురు జల్లెడలోంచి దిగేలోపే పైనుంచి మళ్లీ పడుతోంది. అరుగుమీద చీలమండల దాకా నిలిచింది. ఎవరిదో వేలు తెగింది, కేక వినిపించింది, గొలుసు ఆగలేదు. దొడ్లో ఎడ్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ అరుస్తున్నాయి. నెవిల్ పలకరింపులు ఆగిపోయాయి. తుపాకి రెండేసి సార్లు పేలుతోంది. లిసియాతే పళ్లబిగువున కోస్తున్నాడు. భుజం మండిపోతోంది. అయినా లోపల ఎక్కడో, ఎన్నేళ్లుగానో లేని తేలికతనం. మూడవుతోంది. కారులో ఊరికే కూర్చోవాలి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, వాడికి కనబడేలా.

దొడ్లో ఇంక నాలుగైదు ఎడ్లు మిగిలాయనగా ఎర్ర ఆబోతు వచ్చింది. తుపాకి దెబ్బ నుదుటికి కాక కన్ను పక్కన తగిలింది. వేలాడుతూ వచ్చేటప్పుడు కదలికేం లేదు. లిసియాతే దవడ పట్టుకుని చర్మం బిగదీశాడు. వేళ్ల కింద మెడ బిగుసుకుంది. దానికి స్పృహ ఉందని అతనికి అర్థమైంది. పక్కకు తప్పుకోబోతే నెత్తుట్లో కాలు జారింది.

ఆబోతు ఒళ్లంతా విల్లులా వంచి విదిల్చుకుంది. ముందరికాలి గిట్ట వచ్చి అతని మణికట్టుమీద పడింది. కత్తి చేతిలోనే ఉంది, వేళ్లు తెరుచుకోలేదు. ఆ దెబ్బకి కత్తి వెనక్కి తిరిగి, నడుముకి కట్టుకున్న రబ్బరు గుడ్డ చివర దాటి, అతని గజ్జలోకి పిడిదాకా దిగింది. రెండో తన్నుకి అతను అరుగుమీంచి కిందికి పడ్డాడు. గొలుసు తెగిన ఆబోతు కూడా పడి, లేవబోయి, ఇనుప కటకటాలకి తలబాదుకుంటూ, కాళ్లు విరిగేలా తన్నుకుంది. నెవిల్ గోడ దాటి పరుగెత్తుకొచ్చి దాని నుదుటికి తుపాకి ఆనించి పేల్చాడు. ఎవరో ఎర్ర మీట నొక్కారు. గొలుసు ఆగింది.

దొడ్లో ఎడ్ల అరుపులొక్కటే మిగిలాయి.

లిసియాతే కాలువ పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నెవిల్ రెండు పిడికిళ్లతో గాయాన్ని అదిమి పట్టాడు. డగ్ తన చొక్కా చించి కుక్కాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు వస్తూనే ఉంది. అది ఎద్దుల నెత్తుటితో కలిసి, అదే కాలువలోకి నెమ్మదిగా జారుతోంది.

"ఆగు లీస్, ఆగు. అంబులెన్సు వస్తోంది. నన్ను చూడరా. నన్నే చూడు," అంటున్నాడు నెవిల్.

"మూడయిందా?"

"ఇంకా అవలేదు."

"వాళ్లని లోపలికి రానివ్వకు. వాడు చూడకూడదు."

"రానివ్వను."

లిసియాతే కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. దాని వేళ్లు ఒక్కొక్కటే, ఎవరూ విప్పకుండానే, మెల్లగా తెరుచుకున్నాయి. నెవిల్ చాలాసేపు అదిమిపట్టే ఉన్నాడు. డగ్ అతని భుజం పట్టుకుని లేపేదాకా అలాగే ఉన్నాడు.

పక్క భవనంలో మాంసంలోంచి ఎముకలు తీసేవాళ్లకి సంగతి తెలియలేదు. అక్కడి గొలుసు నడుస్తూనే ఉంది. డగ్ జూలియన్‌కి ఫోను చేశాడు. మళ్లీ చేశాడు. అది బుధవారం మధ్యాహ్నం. ఫోను మోగలేదు.

లూపే, కెలెపి అంతకుముందే వచ్చి, లూపే దగ్గరున్న రెండో తాళంతో తెరిచి కారులో కూర్చున్నారు. అంబులెన్సు గేట్లోకి రావటం చూశారు. అది వెళ్లేటప్పుడు మోత లేకుండా వెళ్లటమూ చూశారు. ఇలాంటివి ఇక్కడ మామూలే. ఎవరికి ఏమైందో పాపం అనుకుంది లూపే. అప్పుడు కబేళా తలుపు తీసుకుని డగ్ వచ్చాడు, చొక్కా లేకుండా, మెడచుట్టూ కమిలిన వేళ్ల గుర్తులతో. వెనకే నెవిల్. నడుస్తూనే ఇద్దరూ కారువైపు చూడలేక తల దించుకున్నారు.

లూపే కారు దిగింది. ఆమెకి ఎవరూ చెప్పలేదు. నెవిల్ చేతులు చూసింది. డగ్ గుండెలమీద పిడికిళ్లతో కొట్టింది. అతను కదలకుండా కొట్టించుకున్నాడు. ఆమె గొంతు పోయేదాకా అరిచింది. షెరిల్, మరో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఆమెను పట్టుకుని, తమ కారులో ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపోయారు.

"నువ్వూ రా బాబూ," అంది షెరిల్.

"మీరు పదండి. నేను మా కారు తీసుకొస్తా," అన్నాడు కెలెపి. దవడ సరిగా అతకలేదు. మాట కొంచెం పక్కకి పోతుంది.

సాయంత్రం షిఫ్టువాళ్లు అతన్ని దాటుకుని, తలలు వంచుకుని లోపలికి పోయారు. కెలెపి కారు తలుపు తీసి తండ్రి సీట్లో కూర్చున్నాడు. తను ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ కారు తీస్తే సీటు ముందుకు లాక్కునేది. తను అప్పట్లో ఆ సీట్లో కూర్చుంటే కాళ్లు అందేవి కావు. ఇప్పుడు కాళ్లు అందాయి. దేన్నీ జరపనక్కర్లేకపోయింది.

వెనక్కి ఆనుకున్నాడు. నడుము ఆనేచోట సీటు గుడ్డ పూర్తిగా అరిగిపోయి, లోపలి పసుప్పచ్చని స్పాంజి బయటికి కనిపిస్తోంది. కుడిభుజం వైపు కాస్త లోతుగా, పెద్ద మనిషొకడు ఇప్పుడే లేచి వెళ్లినట్టు, ఆ సీటు ఇంకా అణిగే ఉంది.