డబ్బా పాల మీద విచారణ

భానుప్రకాశ్‌కు ఏడో ఏట షుగరొచ్చింది. పెద్దవాళ్లకు వచ్చే రకం కాదు. ఒంట్లో ఇన్సులిన్ ఊరడమే ఆగిపోయే టైప్ వన్. అప్పటినుంచీ రోజూ సూదులు పొడుచుకుంటూనే చదువుకున్నాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు, లాస్యను పెళ్లి చేసుకున్నాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంకొకరు రాసినదాంట్లో తప్పులు పట్టడం అతని పని. ఆ పని అతనికి ఎంతగా ఒంటబట్టిందంటే, ఎదుటివాడిలో తప్పు దొరకని రోజు అతనికి అన్నం సహించేది కాదు.

లాస్య నెల తప్పిందని తెలిసిన రోజు పద్మారావు నగర్‌లోని ఆ ఇంట్లో అందరూ మిఠాయి పంచుకున్నారు. భానుప్రకాశ్ మాత్రం ఫోన్ తీసి, తండ్రికి ఈ జబ్బుంటే బిడ్డకు ఎంత ముప్పో వెతికాడు. ముప్పు తక్కువే గానీ మిగతా పిల్లలకన్నా ఎక్కువని తేలింది. 'ఎక్కువ' అన్న మాట అతని గుండెలో దిగబడిపోయింది. 'తక్కువే' అన్నది కంటికి ఆనలేదు. ఆ రోజునుంచి పరిశోధనలు చదవడం మొదలుపెట్టాడు. పసితనంలోనే ఆవుపాలు పడితే ముప్పని ఒకరన్నారు, అదేం లేదని ఇంకొకరన్నారు. గోధుమలు తొందరపడి పెట్టొద్దని ఒకచోట, మరీ ఆలస్యం చేయొద్దని మరోచోట ఉంది. తల్లిపాలు కాపాడతాయని కొందరు, ఏదో కొంచెం కాపాడతాయేమోనని కొందరు. రెండు పరిశోధనలు ఒకదానితో ఒకటి తగువులాడుకుంటే, భానుప్రకాశ్ భయపెట్టేదాన్ని దాచుకుని ధైర్యం చెప్పేదాన్ని వదిలేసేవాడు. కాన్పు నాటికి, పసిపిల్లల కడుపు గురించి తనకు తెలియనిది లేదని అతనికి గట్టి నమ్మకం కుదిరింది.

కర్మం కొద్దీ మొదట్లో అతను చెప్పినవన్నీ ఒప్పే అయ్యాయి. పాప పుట్టగానే తన మేనత్త తేనె నాకించబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఏడాది నిండేదాకా తేనె పెట్టకూడదని పిల్లల డాక్టరు క్యారల్ అతన్ని మెచ్చుకుంది. ఇంటికొచ్చాక తండ్రి భద్రయ్య వంతు వచ్చింది. ఆయనకు మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్ల దుకాణం. వీధిలో గాడిదను తోలుకొచ్చిన మనిషిని పిలిచి, చిన్న గ్లాసులో పాలు పిండించుకొచ్చాడు. అవి తాగితే ఆయాసం రాదు, గొంతు మంచిగా లేస్తుందని ఆయన ఉద్దేశం. భానుప్రకాశ్ గ్లాసు లాక్కుని సింకులో ఒంపాడు. దానికీ డాక్టరమ్మ శభాష్ అంది. రెండుసార్లు శభాష్ అనిపించుకున్న మనిషిని పట్టడం ఎవరి తరం?

తల్లి తిన్నది పాలలోకి వస్తుందని చెప్పి లాస్యకు పాలు, పెరుగు, చపాతీ, బ్రెడ్డు అన్నీ బంద్ చేశాడు. పచ్చి బాలింత జొన్నరొట్టె నములుతూ పెరుగన్నం కోసం కలవరించేది. అతను ఆఫీసుకు బయల్దేరిన మరుక్షణం అత్త పుష్పమ్మ పెరుగన్నం కలిపేది. అత్తాకోడళ్లు వంటింటి తలుపు దగ్గరికి వేసుకుని దొంగల్లా తినేవాళ్లు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ల పొత్తు అంత గట్టిగా కుదరడానికి కారణం భానుప్రకాశేనని చెప్పాలి.

పాప మూత్రం మీద కూడా అతని నిఘా ఉండేది. చిన్నప్పుడు అతను మూత్రం పోసిన చోట చీమలు పట్టడం చూసే పుష్పమ్మకు మొదట అనుమానం వచ్చింది. అందుకని ఇప్పుడు పాప డైపర్లను బాల్కనీలో పరిచి, చీమలొస్తాయేమోనని కాపలా కాసేవాడు. ఒక ఆదివారం నిజంగానే వచ్చాయి. ఇల్లంతా గగ్గోలు పెట్టి, పాప మడమలో సూది గుచ్చి చూద్దామని తన షుగర్ మిషన్ పట్టుకొచ్చాడు. లాస్య పాపను ఎత్తుకుని గదిలోకి పోయి గడియ వేసుకుంది. తీరా చూస్తే ఆ చీమలు వచ్చింది భద్రయ్య రాల్చిన ఉస్మానియా బిస్కెట్ పొడి కోసం.

మూడో నెలలో పాప బరువు పెరగడం ఆగిపోయింది. లాస్యకు పాలు చాలడం లేదు. పాప రొమ్ము వదలకుండా చీకి, చీకి, ఏడ్చేది. క్యారల్ తూకం చూసి, తల్లిపాలు మానొద్దని, చాలనంత మేరకు డబ్బా పాలు కలిపి పట్టమని చెప్పింది. భానుప్రకాశ్ వెంటనే ఫోన్ తీశాడు.

"మేడమ్, ఇంత చిన్నప్పుడే ఆవుపాల ప్రొటీన్ పడితే రిస్క్ అని స్టడీ ఉంది. నా కేసే తీసుకోండి. మా అమ్మకు పాలు లేకుంటే నాకు డబ్బా పాలు పట్టింది. నాకు షుగరొచ్చింది. ఇంతకన్నా ప్రూఫ్ ఏం కావాలి?"

పుష్పమ్మ పక్క కుర్చీలోనే ఉంది, పాపను ఒళ్లో వేసుకుని జోకొడుతూ. ఆ చెయ్యి ఆగిపోయింది. భానుప్రకాశ్ అటు చూడలేదు. ఫోన్‌లో ఇంకో పేజీ తెరుస్తున్నాడు.

"మీలాగే డబ్బా పాలు తాగినవాళ్లు ఈ సికింద్రాబాద్‌లో ఎంతమంది లేరు? వాళ్లకెందుకు రాలేదు?" అంది క్యారల్. "ఉత్త తల్లిపాలు తాగిన పిల్లలకు వస్తే కూడా నేను ట్రీట్ చేశాను. ఎవరికెందుకొస్తదో నాకు తెలీదు, మీ ఫోన్‌కూ తెలీదు. ఈ పిల్ల ఆకలితో ఉంది. అదొక్కటి నాకు గ్యారంటీగా తెలుసు."

అతను ఇంకా ఏదో ఎత్తుకోబోయాడు. లాస్య లేచి నిలబడింది.

"భానూ, నువ్వు కూసొని చదువుకో. నేను పోయి డబ్బా తెస్తా."

కింది మెడికల్ షాపునుంచి తానే డబ్బా తెచ్చుకుంది. ఆ రోజు పాప కడుపునిండా తాగి, ఎన్నాళ్లకో ఆదమరిచి పడుకుంది. నెల తిరిగేసరికి బుగ్గలు నిండాయి. భానుప్రకాశ్ ఓడిపోయానని ఒప్పుకోలేదు, తాత్కాలికంగా అనుమతించానన్నాడు.

ఇంట్లో ఇంకొక మార్పు కూడా వచ్చింది. పుష్పమ్మ పాపకు నీళ్లు పోసేది, బట్టలు ఉతికేది, జోల పాడేది. పాల సీసా మాత్రం ముట్టేది కాదు. కలపమంటే ఏదో పని ఉందని వంటింట్లోకి పోయేది. లాస్య ఈ సంగతి మొగుడితో అంటే, అమ్మకు మోకాళ్ల నొప్పులని తేల్చేశాడు. లోకం తప్పులన్నీ పట్టే మనిషికి తన నోటినుంచి జారిన తప్పు మాత్రం దొరకలేదు.

ఆరు నెలలు నిండాక అన్నప్రాశన పెట్టుకున్నారు. పాపకు పాయసం ముట్టించేది లేదని, మెత్తగా ఉడికిన అన్నమే పెట్టాలని భానుప్రకాశ్ శాసించాడు. పాయసం లేని అన్నప్రాశన ఎక్కడైనా ఉందా అని భద్రయ్య అలిగి పక్కింట్లో కూర్చున్నాడు. చివరికి దేవుడికీ చుట్టాలకూ పాయసం, పాపకు అన్నం అని రాజీ కుదిరింది.

ఆ పొద్దున భానుప్రకాశ్ ఎప్పటిలాగే ఇన్సులిన్ వేసుకున్నాడు. టిఫిన్ తినబోతుంటే చుట్టాలు దిగారు. పంతులు రావడం ఆలస్యమైంది. ఖాళీగా కూర్చున్న చుట్టాలను చూసి అతనికి ఆకలి మరుపొచ్చింది. లేచి నిలబడి, పిల్లల పెంపకం మీద ఉపన్యాసం అందుకున్నాడు. కాసేపటికి నుదురంతా చెమట పట్టింది. ఇన్సులిన్ అనబోయి ఇన్సూరెన్స్ అన్నాడు. ఒకటే మాట మళ్లీ మళ్లీ అంటుంటే, బిడ్డ మీద ప్రేమతో గొంతు పూడుకుపోయిందని మేనత్త కళ్లు ఒత్తుకుంది.

వంటింటి గుమ్మంలోనుంచి పుష్పమ్మ అతని పెదవులు తెల్లబడటం చూసింది. సూది వేసుకుని ఏమీ తినకపోయేసరికి షుగర్ పడిపోయిందని ఆమెకు అర్థమైంది. నైవేద్యానికి పెట్టిన పాయసం గిన్నె అందుకుని వచ్చి, కొడుకు భుజం పట్టి కూర్చోబెట్టింది. అతను పాయసం వద్దని పళ్లు బిగించాడు.

"నోరు తెరువ్‌రా," అంది.

ఆ గొంతు విని అతని నోరు దానంతటదే తెరుచుకుంది. ఆమె చేత్తోనే ముద్ద ముద్దగా తినిపించింది, మూతి తుడిచింది, మళ్లీ తినిపించింది. సరిగ్గా అప్పుడే పంతులు గడపలో అడుగుపెట్టాడు. గడ్డం ఉన్న మనిషికి అన్నప్రాశన జరుగుతుండటం చూసి, ఇల్లు గిట్ల తప్పొచ్చానా అని అడిగాడు.

భానుప్రకాశ్ తేరుకున్నాక లోపలి గదిలో పడుకోబెట్టారు. పుష్పమ్మ తడిగుడ్డతో అతని మెడ తుడుస్తూ, గోడవైపు చూస్తూ అడిగింది.

"గా డబ్బా పాలు పట్టకపోతే నీకు ఇది రాకుంటుండెనా?"

అతని బుర్రలో పరిశోధనలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి, అవునన్నవీ కాదన్నవీ. తల్లి మొహం చూశాడు.

"తెల్వదమ్మా. ఎవ్వరికీ తెల్వదు."

"నాకు టైఫాయిడ్ అయ్యి పాలు ఇంకిపోయినయ్‌రా. నువ్వు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటివి. నేనేం జేయాలె?"

"ఆకలైన పోరనికి పాలు పట్టినవ్. అంతే జేసినవ్. ఆ దినం డాక్టర్ దగ్గర నేనన్నది తప్పు."

"మీ మేనత్త ఇరవై ఏండ్ల సంది అంటనే ఉన్నది. ఆమె అంటే ఆమె నోరే గంత అనుకున్న," అని పుష్పమ్మ గుడ్డ పిండింది. "నువ్వు సుత అన్నవని పరేషానైన."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బయట పంతులు తొందరపెడుతున్నాడు. మొదటి ముద్ద నువ్వే పెట్టమ్మా అని భానుప్రకాశ్ అడిగాడు. పుష్పమ్మ కాసేపు నసిగి, చెయ్యి కడుక్కొచ్చింది. పాప ఆ ముద్దను నాలుకతో అటూ ఇటూ తిప్పి, నానమ్మ చీర మీద ఉమ్మేసి నవ్వింది.

ఇప్పుడు పాప ఇల్లంతా పరుగులు పెడుతోంది. పెరుగూ చపాతీ అన్నీ తింటుంది. ఇప్పటిదాకా ఏమీ లేదు, రేపటి మాట ఎవరూ చెప్పలేరు. భానుప్రకాశ్ చదవడం మానలేదు గానీ, రెండు వైపులవీ చదువుతున్నాడు. మొన్న ఎదురింటి కిషన్, కొత్తగా తండ్రయినవాడు, పిల్లలకు షుగర్ రాకుండా ఏం పట్టాలని అడగడానికి వచ్చాడు. వీలైతే తల్లిపాలు పట్టమని, చాలకపోతే డాక్టర్ని అడిగి డబ్బా పాలు పట్టమని భానుప్రకాశ్ చెప్పాడు. పిల్లాడికి విపరీతంగా దాహం వేసినా, మాటిమాటికీ మూత్రం పోసినా, చిక్కిపోయినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. రాకుండా ఆపే మందు మాత్రం తనకు తెలియదన్నాడు.

ఇంత చదివి ఇంతేనా అన్నట్టు చూసి, కిషన్ మర్యాదగా టీ తాగి లేచాడు. అటునుంచి అటే పై అంతస్తులో ఉండే రిటైర్డ్ కామరాజు దగ్గరికి వెళ్లాడు. ఆయనకు అన్నీ తెలుసు.