మాలీపటేలు వీపు మీది పొర

రాచపుండు అందరికీ లేవదు. ఈ సంగతి ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేలు కురుమూర్తికి మొదట్లో కొంత ఊరటగానే ఉండింది. గట్టు దగ్గరి ఆ ఊళ్లో జొన్నగింజ పండని వాడికి కూడా సెగగడ్డ లేస్తుంది. రాచపుండు లేవాలంటే మాత్రం మనిషికి కాస్త అంతస్తు ఉండాలని ఆయన నమ్మకం. వీపు మీద రెండు రెక్కల నడుమ అది జల్లెడలా కళ్లు తెరిచినప్పుడు, పలకరించ వచ్చినవాళ్లందరికీ అంగీ ఎత్తి చూపించాడు. వాళ్లూ పుండుకు తగిన మర్యాద చేసి, "అబ్బో" అని ఒక అడుగు వెనక్కి జరిగారు.

వనపర్తి దవాఖానలో డాక్టరు యూసుఫ్ దాన్ని కోసి, కుళ్లినదంతా తీసేశాక మిగిలింది అరచేయంత గుంట. గుంటకు అంతస్తేమీ లేదు. అది పూడదు, ఎండదు, మంచం మీద బోర్లా పడుకున్న పటేలును పక్కకు తిరగనివ్వదు. వచ్చిపోయేవాళ్ల ముఖాలు ఆయనకు కనబడవు, పాదాలే కనబడతాయి. అందులో ఇబ్బందేమీ లేదు. తన ముందు చెప్పులతో నిలబడ్డవాడు ఊళ్లో లేడు గనుక, ఎవరి పాదమేదో ఆయనకు బాగా తెలుసు. వాటిని ఇంత దగ్గరగా చూడవలసి రావడమే కొత్త.

అసలు దిగులు పుండు కాదు, జమాబందీ. ఉగాది దాటాక శిస్తు లెక్కలు తేల్చడానికి తహసీల్దారు ఊరికి వస్తాడు. ఆరోజు చావడిలో పటేలు పీట మీద కురుమూర్తి కూర్చోవాలి. కూర్చోలేకపోతే పీట చిన్నాయన కొడుకు చెన్నయ్యది అవుతుంది. ఇప్పటికే చెన్నయ్య "అన్న కోలుకునేదాక" అంటూ దాని మీద కూర్చుంటున్నాడు. అన్న కోలుకోవాలని ఊరి దేవుళ్లందరికీ మొక్కుతున్నాడు కూడా. ఆ మొక్కుల్లో కాలపరిమితి ఒక్కటే లేదు.

ఒకరోజు డాక్టరు కట్టు విప్పి, అంటుకుపోయిన గుడ్డను లాగి, పటేలు పెట్టిన కేక తగ్గేదాకా ఆగాడు.

"పటేల్ సాబ్, లోపల కొత్త మాంసం వస్తుంది. కని గుడ్డ తీసినప్పుడల్ల అది గుడ్డతోనే ఊడివస్తుంది. మీ పుండుకు గుడ్డ పనికిరాదు. ప్రాణమున్న కట్టు కావాలె."

"ప్రాణమున్నదా? జలగలా?"

"జలగలు కాదు. కాన్పయినంక మాయ పడ్తది గద. దానికి లోపలి దిక్కు ఉల్లిపొర అసొంటి పొర ఉంటది. బిడ్డనూ ఉమ్మనీటినీ కాచేది గదే. దాన్ని ఉప్పునీళ్లల్ల కడిగి పుండు మీద పరుస్త. అది అతుక్కుంటది, దాని చాటున మాంసం పూడ్తది. విలాయతి డాక్టర్లు చేసిండ్రు. పత్రికల రాసిండ్రు."

లండన్ మీద బాంబులు పడుతున్న ఏడాది అది. అక్కడి డాక్టర్లకు పుళ్ల కొరత లేదని పటేలు ఒప్పుకున్నాడు. నొప్పి పుడుతుందా అని అడగలేదు. ఎన్నాళ్లకు మానుతుందనీ అడగలేదు.

"ఎవల మాయ?" అన్నాడు.

"ఎవలో ఒక తల్లిది."

"గది నాకు తెల్వదా? ఏ కులపు తల్లిది?"

"పెద్ద అద్దం కింద వెట్టి చూసిన పటేల్ సాబ్. రక్తనాళాలు కూడా కనవడలే. కులం యాడ దాగుంటదో మరి."

పటేలు హాస్యం పట్టించుకోలేదు. మన కులందే కావాలి, మగబిడ్డదై ఉండాలి, మూలా నక్షత్రం కాకూడదు అన్నాడు. వీపు మీద గుంట పెట్టుకొని బేరమాడుతున్నానని ఆయనకు అనిపించలేదు. బేరమాడగలిగినంత కాలం మనిషి తాను ఆపదలో ఉన్నట్టు నమ్మడు. డాక్టరు చేతులు తుడుచుకున్నాడు.

"అసొంటి ఇండ్ల ఆడోళ్లు కాన్పుకు దవాఖానకు రారు. మంత్రసాని చేతులెత్తినంక వస్తరు. అప్పుడు మాయ గురించి అడగనీకె నాకు మనసురాదు."

ఉపాయం భార్య తిరుపతమ్మ చెప్పింది. చెన్నయ్య పెళ్లానికి ఇవాళో రేపో అన్నట్టుంది. కులం ఒక్కటే కాదు, రక్తమే ఒక్కటి. కురుమూర్తికి ఈ ఆలోచన ఎంత నచ్చిందంటే, అడిగితే చెన్నయ్య ఇస్తాడని కూడా అనుకున్నాడు.

ఆ వైపు ఇళ్లలో మాయను పారేయరు. అది బిడ్డకు తోడబుట్టినదని లెక్క. పసుపు రాసి, ఇంటి గోడల లోపలే గుంట తీసి పాతి, పైన ముళ్లకంప వేస్తారు. కుక్కలు తవ్వకుండా అని పైకి చెబుతారు. అసలు భయం కుక్కలు కాదు, దాయాదులు. తిరుపతమ్మ బాలింతను చూడబోయి మాట కదపగానే చెన్నయ్య లేచి నిలబడ్డాడు.

"వదినా, నా కొడుకుకు తోడుబుట్టినదాన్ని తీస్కపోయి అన్న ఈపుకు అంటిస్తవా? పుండుకట, మందుకట! మంత్రం వెట్టి నిమ్మకాయలు కోయనీకె గాదూ? అన్న మంచిగ కావాలని నేను రోజూ మొక్కుతున్న. గంతకంటె ఎక్కువ నాతోని కాదు."

మంత్రసాని మూట తెచ్చి ఇవ్వగానే చెన్నయ్య తన చేతులతో పెరట్లో పాతిపెట్టాడు. ముళ్లకంప సరిపోదని పైన రోలు దొర్లించాడు. ఇంటి ఆడవాళ్లు నెల రోజులు పక్కింట్లో రుబ్బుకున్నారు.

ఈలోగా పుండు వాసన మారింది. చీము ఇట్లాగే పడితే నెత్తుట్లో కలుస్తుందని డాక్టరు ఇంగ్లీషులో ఎవరితోనో అనడం పటేలు విన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. భయపడటానికి ఆ భాష రానవసరం లేదు.

అదే వారం, వెలివాడ నుంచి వచ్చి పటేలు పొలంలో పనిచేసే శాంతయ్య భార్య సారమ్మ దవాఖానలో ఆడపిల్లను కన్నది. వాళ్లు మిషను దొరల మాట విని ఏసుమతంలో కలిసినవాళ్లు, అందుకే కాన్పుకు దవాఖానకు వచ్చారు. ఆమె మంచానికీ పటేలు మంచానికీ నడుమ అడ్డం ఒక తెర మాత్రమే. డాక్టరు ఆ తెర అవతలికి వెళ్లాడు. పటేలు ఇవతల తన ఔదార్యాన్ని సిద్ధం చేసుకుంటున్నాడు. 'ఆపత్కాలంలో దోషం లేదని పెద్దలే అన్నారు. సరే, కానియ్యి' అనాలి. కొంత విసుగ్గా అనాలి, డాక్టరు బలవంతం మీద ఒప్పుకున్నట్టుండాలి. గొంతు కూడా సవరించుకున్నాడు.

"నాకొద్దు డాక్టరు సాబ్," అంది సారమ్మ. "నేను పాతిపెట్టుకుంట. మాయ యాడుంటె బిడ్డ మనసు గాడుంటది. పటేలు ఈపు మీద వెడ్తె నా బిడ్డకు గాయన బుద్ధులు అంటవా?"

"మీరు ఏసయ్యను నమ్మినోళ్లు గద. గిసొంటివి కూడ నమ్ముతరా?"

"ఏసయ్యను నమ్ముత సాబ్. పటేలును నమ్మ."

తెర ఇవతల ఔదార్యం గొంతులోనే నిలిచిపోయింది. పటేలుకు వచ్చింది కోపం కాదు. ఏ వస్తువును ముట్టుకోవాలంటే తనకు వాంతి వచ్చినట్టుండెనో, అది తనకు దక్కదనగానే కావాలనిపించింది. ఆ కోరిక ఆయనకే వింతగా ఉంది. కాదనే హక్కు తనదని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆ హక్కును ఎవరో తన పొలంలో కలుపు తీస్తూ తీస్తూ ఎత్తుకుపోయారు.

"ఏమే సారమ్మా! ఎవలను అంటున్నవో ఎరుకేనా?"

"ఎరుకే పటేలా. ఈపు మీద పుండున్నాయినను."

"రేపు నా చేన్లకు రావా నువ్వు?"

"వస్త. నువ్వు బతికుంటివా అని చూసి వస్త."

తెర అవతల బిడ్డ సన్నగా ఏడ్చింది. డాక్టరు జేబు గడియారం తీశాడు. పొర ఆరిపోకముందే వాడాలి.

"జర... ఇయ్యరాదె సారమ్మా," అన్నాడు పటేలు, తలగడలోకి.

"ఏందీ?"

"ఇయ్యరాదె అంటున్న."

వినబడక అడిగిందా, మళ్లీ వినాలని అడిగిందా అనేది ఆయన తర్వాత చాలా రోజులు ఆలోచించాడు.

"ఇస్త," అంది సారమ్మ. "కని ఒక్క మాట. రేపు ఎవలన్న అడిగితె, ఇది సారమ్మ బిడ్డది అని చెప్పాలె. నా బిడ్డ తోడు నీ ఈపు మీద దొంగసొమ్ము లెక్క దాగొద్దు."

జోగులాంబ సాక్షిగా పటేలు ఒట్టుపెట్టుకున్నాడు. ఎవరడుగుతారు తనను? ఊళ్లో అడిగేవాడు తానే.

ఎండాకాలం కుండకు తడిగుడ్డ చుట్టినట్టు పొర పుండు మీద పరుచుకుంది. నొప్పి తగ్గిందని తెలిసేలోపు ఆయనకు నిద్ర పట్టింది. తర్వాత గుడ్డ లాగే పని లేకపోయింది. రోజులు గడిచాక పొర ఎండి, అంచుల్లో పొట్టులా లేచింది. కింద లేత ఎరుపు చర్మం రెండు వైపుల నుంచీ పాకుతోంది. డాక్టరు దాన్ని చూసి నవ్వాడు, పత్రికకు రాస్తానన్నాడు.

పటేలు మాత్రం తనను తాను కాపలా కాయడం మొదలుపెట్టాడు. ఏదో లోపలికి దిగి ఉంటుందని ఆయన అనుమానం. ఇంటికి చేరాక ఒకసారి జీతగాడు ఎద్దును ఆలస్యంగా కట్టాడు. తిట్టబోయి, వాడి కాలి పగుళ్లు చూసి ఊరుకున్నాడు. వెంటనే అనుకున్నాడు, 'ఇది నేను కాదు, పొర.' ఇంకోసారి పెళ్లాం తిన్నదా అని అడిగాడు. తిరుపతమ్మ భయపడి జ్వరమొచ్చిందేమోనని నుదురు తాకింది. అదీ పొరే. ఇట్లా తనలో కనబడ్డ ప్రతి మెత్తదనాన్నీ సారమ్మ బిడ్డ పేరున రాసేశాడు. అది చాలా సౌకర్యంగా ఉంది.

జమాబందీ రోజు కురుమూర్తి నిటారుగా నడిచి వచ్చి పీట మీద కూర్చున్నాడు. తహసీల్దారు కుశలమడిగాడు. చెన్నయ్య చేతులు కట్టుకొని ముందుకొచ్చాడు.

"హుజూర్, అన్న లేచి తిరుగుతుండు, సంతోషం. కని ఈపు మీద ఏం కప్పుకొని లేచిండో అడుగుండ్రి. దవాఖానల అందరికి ఎరుకే. మైలపడ్డ మనిషి పటేలు పీట మీద ఎట్ల కూసుంటడు?"

"ఏంది పటేల్, ఏం కథ ఇది?" అన్నాడు తహసీల్దారు, ఆవలింత ఆపుకుంటూ.

దూరంగా ఎండలో ఆడవాళ్ల గుంపులో సారమ్మ నిలబడి ఉంది, చంకలో బిడ్డ. ఆమె పిలవలేదు, సైగ చేయలేదు. కురుమూర్తి నోరు తెరిచాడు. 'సా' అనే అక్షరం నాలుక మీదికి నిజంగానే వచ్చింది. ఆయన దాన్ని అక్కడే ఆపి, రుచి చూసి, మింగేశాడు.

"మాయ నిజమే హుజూర్," అన్నాడు. "మా తమ్ముని కొడుకుదే. అడిగితె ఇయ్యనన్నడు. మంత్రసాని ఇచ్చింది. తమ్మీ, నీ చేతుల వెట్టిన మూటల మేకపేగులుండె. నమ్మకుంటె రోలు జరిపి తవ్వి చూసుకో."

చెన్నయ్య ముఖం పాలిపోయింది. పీట, తహసీల్దారు, మైల అన్నీ మరిచి ఇంటికి పరుగెత్తాడు. రోలు దొర్లించి తవ్వాడు. అన్ని రోజుల తర్వాత మన్నులో మన్నే ఉంటుంది. అంత ఓపిగ్గా ఆలోచించే స్థితిలో లేడు. మంత్రసాని కాదు కాదని ఒట్టుపెట్టింది. ఆమె ఒట్లు పెరిగేకొద్దీ అతని నమ్మకం గట్టిపడింది. ఇక్కడ తహసీల్దారు నవ్వి కురుమూర్తి పేరు ఖాయం చేసి, మజ్జిగ అడిగాడు.

అప్పటి నుంచి చెన్నయ్య అన్న వీపును కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. తన కొడుకు తోడబుట్టినది దాని మీదే ఉందాయె. వారానికొకసారి ఆముదం పట్టుకొని వస్తాడు. "అన్నా, ఎండల తిరగకు. గోకకు. జర జాగ్రత్త," అంటాడు. ఇంతకన్నా నిజాయితీ గల దాయాది ఆ తాలూకాలో లేడు.

సారమ్మ కొన్నాళ్లు చేనికి రాలేదు. వచ్చిన రోజు కురుమూర్తి పనిలేకపోయినా గట్టు మీద నిలబడ్డాడు. ఆమె బిడ్డను చెట్టుకొమ్మకు కట్టిన గుడ్డ ఉయ్యాలలో వేస్తోంది.

"సారమ్మా, ఆ రోజు గట్ల చెప్పవలసొచ్చింది," అన్నాడు. "మనసుల పెట్టుకోకు."

"నేనేం పెట్టుకుంట పటేలా. నాకు మంచిదే అయ్యింది."

"మంచిదేంది?"

"నీ బుద్ధులు నా బిడ్డకు అంటుతయేమో అని శానా భయపడ్డ. నా బిడ్డ తోడు నీ ఈపుకు అతికినంక కూడ నువ్వు గట్లనే ఉంటివి. గా పొరల నుంచి అటుది ఇటు, ఇటుది అటు ఏదీ పోదని తెల్సిపాయె." ఉయ్యాలను ఒక ఊపు ఊపి కొడవలి తీసుకుంది. "ఇగ నాకు రంది లేదు."

ఈ మాటకు ఆయన సంతోషించాలి. ఇన్నాళ్లూ భయపడింది దీని గురించే. ఏమీ దిగలేదు, ఏమీ అంటలేదు, తను పూర్తిగా తనే. కానీ కాళ్లు గట్టు మీద నుంచి కదల్లేదు. ఏమీ దిగకపోతే చావడిలో నాలుక దాకా వచ్చిన ఆ అక్షరం ఎవరిది? జీతగాడిని తిట్టకుండా ఊరుకున్నది ఎవరు? తిరుపతమ్మను తిన్నావా అని అడిగింది? ఒక్కొక్కటే తిరిగి వచ్చి ఆయన ముందు నిలబడుతున్నాయి. వాటిని ఎవరి పేరున రాయాలో పటేలుకు తోచలేదు.

"పొద్దెక్కుతుంది, నీడకు పో పటేలా," అంది సారమ్మ, తలెత్తకుండానే.