రెండు రింగుల తర్వాత

"నీకేమ్మా, పాటలు వింటూ షికారుగా వెళ్లొస్తావు" అంది మా అత్తగారు. అప్పుడు నేను ఒక చేత్తో పిల్లవాడి టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ రెండో చేత్తో హెల్మెట్ వెతుక్కుంటున్నాను. షికారు కంటి ఆసుపత్రికి. అక్కడ కౌంటర్లో కూర్చుని ఎనిమిది గంటలు మైకులో టోకెన్ నంబర్లు పిలవడం నా ఉద్యోగం. మా మేనేజరుకి నా గొంతులో ఇంకాస్త నవ్వు కావాలట. నూట పన్నెండో నంబరుని నవ్వుతూ ఎలా పిలవాలో మీరే ఒకసారి పిలిచి చూపించండి అనబోయి ఎన్నిసార్లు నోరు మూసుకున్నానో.

అయినా అత్తగారి మాటలో సగం నిజముంది. ఇంటికీ ఆసుపత్రికీ మధ్య బండి మీద ముప్ఫై అయిదు నిమిషాలు. రోజు మొత్తంలో నన్నెవరూ ఏమీ అడగని సమయం అదొక్కటే. మా ఆయన కారు కొనుక్కున్నాక ఆయన పాత మోటార్ సైకిల్ నా వంతుకి వచ్చింది. మొదట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేదాన్ని. హెల్మెట్ తొడిగేసరికి అవి ఊడి మెడలోకి జారేవి. ఊడని రోజున వెనక బస్సు హారన్ వినపడలేదు, త్రుటిలో చావు తప్పింది. తర్వాత ఫోన్ హ్యాండిల్‌కి బిగించి పాటలు గట్టిగా పెట్టాను. సిగ్నల్ దగ్గర అందరూ నన్ను ఎగాదిగా చూశారు. మగవాడి బండి మీద పాట మోగితే హుషారు, నా బండి మీద మోగితే బరితెగింపు.

అలాంటప్పుడు నా పుట్టినరోజుకి ఆయన స్పీకర్లున్న హెల్మెట్ తెచ్చాడు. చెవుల దగ్గర స్పాంజి కింద రెండు చిన్న స్పీకర్లు, గడ్డం దగ్గర మైకు. పాట సన్నగా వినిపిస్తుంది, రోడ్డు చప్పుడూ తెలుస్తుంది. నా గురించి ఒక మనిషి ఇంత ఆలోచించాడా అని నిజంగానే కళ్లు చెమర్చాయి. సెట్టింగులు కూడా ఆయనే పెట్టాడు.

"కాల్ వస్తే రెండు రింగులయ్యాక అదే ఎత్తేస్తుంది. నువ్వేం చెయ్యక్కర్లేదు. ఇక నువ్వు ఫోన్ ఎత్తలేదన్న మాటే ఉండదు" అన్నాడు.

ఉండలేదు. పిల్లవాడి నీలం సాక్సు ఎక్కడుందో, గ్యాస్ బుక్ చేశానో లేదో, మామగారి మాత్ర తిన్న తర్వాతో తినకముందో, అన్నీ నేరుగా నా చెవిలోకే. కాల్ అయిపోయాక ఆగిన పాట మళ్లీ మొదలవ్వదు. ఫోనేమో బ్యాగు అడుగున ఉంటుంది. నాలుగు నెలల్లో ఒక్క పాట కూడా చివరిదాకా వినలేదు. ఆ సెట్టింగు తీసెయ్యమని అడిగితే, ఏదైనా అర్జెంటైతే ఎలా అన్నాడు. రెండోసారి అడిగితే, పాటల కోసమా అని నవ్వాడు. మూడోసారి నేను అడగలేదు.

నిన్న సాయంత్రం మాత్రం, కాలేజీలో నేను స్టేజి ఎక్కి పాడిన పాట వచ్చింది. పెళ్లయిన కొత్తలో వంటింట్లో ఆ పాటే అందుకుంటే, వార్తలు వినపడటం లేదని మామగారు హాల్లోంచి కేకేశారు. అంతే, పదకొండేళ్లుగా మళ్లీ పాడలేదు. పాట సరిగ్గా రెండో చరణంలో ఉండగా అత్తగారి కాల్. వాషింగ్ మెషీన్ కూస్తోంది, ఏది నొక్కాలి? చెప్పాను. పెట్టేసింది. హెల్మెట్‌లో ఇక చప్పుడు లేదు.

ఏడుపొచ్చింది. ఇంత చిన్న విషయానికా అనిపించి ఇంకా ఎక్కువ వచ్చింది. చరణం ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి నేనే అందుకున్నాను. మొదటి లైను గరగరలాడింది. రెండో లైనుకి గొంతు దారిలో పడింది. హెల్మెట్ అద్దం దించుకుని, నా పాట నేనే వింటూ పాడుకుంటూ పోతున్నాను. రింగు వినపడింది. రెండోదీ వినపడింది. ఆపబుద్ధి కాలేదు.

"హలో... ఎవరది పాడేది?" ఆయన గొంతు. "బండి మీద ఎవరినైనా ఎక్కించుకున్నావా?"

లైను పూర్తి చేసి బండి పక్కకి తీశాను. వెక్కిరిస్తున్నాడేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు. పదకొండేళ్లుగా ఏది ఎక్కడుందో నా గొంతునే అడుగుతున్న మనిషి. కోపం రాలేదు, బండికి స్టాండు వేశాను.

"అవునండీ. ఒకావిడ."

"బాగా పాడుతోందే. సర్లే, ఇంటికి లేట్ చెయ్యకు. ఆవిడెక్కడ దిగుతుంది?"

హెల్మెట్ తియ్యకుండానే బ్యాగు అడుగు నుంచి ఫోన్ తీశాను. ఆ రెండు రింగుల సెట్టింగు ఎక్కడుందో వెతికి ఆపేశాను. ఆయన ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"ఇక దిగదటండీ" అన్నాను.