ఆరు నెలల సీసా

మంజీర వరద సాలూర పాత వంతెన మీదికెక్కిన ఏడు అది. మా కోడలు సుమలత సీసాలో నేను ఉప్పు వేసిన ఏడు.

కంఠేశ్వర్‌లో మా ఇల్లు. నా భార్య హన్మవ్వ బీడీలు చుడుతుంది. ఆమె ఆకు కత్తిరించగా చాటలో మిగిలిన తుక్కును సుమలత తన పరిశోధన కోసం యూనివర్సిటీకి పట్టుకుపోయి, ఉడకబెట్టి, ఆ నీళ్లలో వెండి మందు కలిపేది. కంటికి ఆనని వెండి రవ్వలు పుట్టేవట. అవి మురికి కాలువ నీళ్లలో రంగును విరగ్గొడతాయట, రోగాల పురుగును చంపుతాయట. ఆ మందు పడి ఆమె వేళ్లు నల్లబడ్డాయి. ఎంత తోమినా ఆ మచ్చలు పోవు.

"గా చేతులతోని వడ్డిస్తే తినబుద్ధి అయితదా?" అనేది హన్మవ్వ. వంట మాత్రం ఆ చేతులే చేయాలి.

"ఆకు ఉడకబెట్టినందుకు డాక్టర్ పట్టానా! మా అవ్వ నలభై ఏండ్ల సంది ఆకుతోనే ఉన్నది. ఆమెకు రెండు పట్టాలియ్యాలె," అనేవాడు నా కొడుకు పరమేశ్వర్, చుట్టాల ముందు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వాను.

నేను పెద్దగా మాట్లాడను. అందుకేనేమో, గిన్నెలు తోముకుంటూ సుమలత నాతో మాట్లాడేది. పొద్దున ఐదింటికి రొట్టెలు చేసి, బస్సులో నిలబడి పోతే, అక్కడ తనొక్కతే ఆడది కాబట్టి మగవాళ్ల సీసాలు కూడా తనే కడగాలి. "ఆడ గాజువి, ఈడ స్టీలువి. తోముడే గద మామయ్యా," అనేది. ఒకనాడు చేతులాపి అన్నది: "తుక్కు నీళ్లు కండ్ల ముంగట్నే పసుపు నుంచి చాయ్ రంగుకు తిరుగుతయి. గా పది నిమిషాలు నన్నెవ్వరు పిలువరు. గప్పుడు నేను ఎవ్వరి దాన్ని కాను."

ఆ వెండి రవ్వల నీళ్లు ఒక సీసాలో పోసి, నల్లకాగితం చుట్టి మా ఇంటి ఫ్రిజ్‌లో పెట్టింది. "ఆర్నెల్లు అడుగుకు దిగకుంట నిలిస్తేనే పెద్దసార్లు ఒప్పుకుంటరు. ఉప్పు పడ్డదా, అంత ముద్దయి కూసుంటది. మీకే చెప్తున్న, ఇంకెవ్వరికి చెప్పలె."

ఆరు నెలలు నిండిన ఆదివారం, ఆమె మిద్దె మీద బట్టలారేస్తుండగా పరమేశ్వర్ నా పక్కన కూర్చున్నాడు.

"బాపూ, పట్టా వచ్చినంక గిది మన మాట ఇంటదా? రేపే సార్లకు సూపిస్తదట. పారబోస్తే దొరుకుతం. ఎట్ల చెడుతదో నీకెరుకే, నీకన్ని చెప్తది గద."

నేను లేచి చిటికెడు ఉప్పు వేసి మూత బిగించాను.

సోమవారం సాయంత్రం ఆమె తిరిగొచ్చింది. ఏడవలేదు. కాగితం విప్పి సీసా నా ముందు పెట్టింది. పైన తేట నీళ్లు, అడుగున బూడిదరంగు మడ్డి.

"ఉప్పు సంగతి గీ ఇంట్ల మీకొక్కరికే తెలుసు మామయ్యా."

ఒక సంచిలో బట్టలు, ఒక సంచిలో చాటలోని తుక్కు నింపుకుంది. గడపలో ఆగింది. "హాస్టల్‌కు పోతున్న. మళ్ల మొదట్నుంచి చేస్త. నేను రాసినయన్ని అబద్ధాలని పెద్దసార్లు అంటున్నరు. రేపు పొద్దుగాల మా సార్ ఫోన్ చేస్తడు. ఉప్పేసిన అని ఒక్క మాట చెప్పుండ్రి. ఇంకేం అడుగ."

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. "పెద్దాయనా, ఆ సీసాలో మీ ఇంట్లో ఎవరైనా ఏమైనా కలిపారా?" అని అడిగాడు సారు. పరమేశ్వర్ ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. హన్మవ్వ బీడీ చుట్టడం ఆపింది.

"ఎవ్వరం ముట్టలె సార్," అన్నాను.

ఫోన్ కొడుక్కిచ్చి, సీసాను బోరింగు దగ్గరికి తీసుకుపోయి, మడ్డి పోయేదాకా కడిగి ఎండలో బోర్లించాను. ఆ ఇంట్లో నేను కడిగిన మొదటి వస్తువు అదే.