ఏడో నంబరాయన

ఇస్సాకు స్టవ్ ముందు గొంతుక్కూర్చుని మైదాపిండి జిగురు ఉడికిస్తున్నాడు. ఉండ కట్టకుండా పుల్లతో కలుపుతూనే ఉన్నాడు. ఇవాళ తుపాకీ షూటింగ్ లేదని, రేంజికి తాళం వేశారని సగం ఉడికాక గాని గుర్తు రాలేదు. ముప్పై ఏళ్ల అలవాటు మరి.

"ఇయ్యాల మేళా గదా, గీ జిగురు ఎవలికి?" అంది భార్య చంద్రమ్మ.

"మర్చిపోయిన," అన్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని తల రెండుసార్లు దువ్వుకున్నాడు.

"పెండ్లిచూపులకు పోతున్నవా ఏంది?"

"గా ఏడో నంబరాయన వస్తడేమోనే."

కిషన్‌బాగ్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో ఏడో నంబరాయన గురించి ఎన్నిసార్లు మాట్లాడుకున్నారో లెక్క లేదు. ఆ మనిషి ఎలా ఉంటాడో మాత్రం ఇస్సాకుకు తెలియదు. రేంజిలో అతని పని గోతిలో. మట్టికట్ట వెనక నిలువులోతు గోతిలో నిలబడి, గుండు తగిలిన, నంబరు వేసిన గురి అట్టను కిందికి దించి, చిల్లుకు కాగితం ముక్క అంటించి మళ్లీ పైకి తోస్తాడు. కాల్చేవాళ్లు యాభై గజాల అవతల. అతను గోతిలోంచి ఎక్కేసరికి వాళ్ల కార్లు వెళ్లిపోయి ఉంటాయి.

పదకొండేళ్లు, ప్రతి ఆదివారం, ఏడో అట్ట మీద అయిదు గుండ్లు చింతగింజ కప్పేంత చోటులో తగిలేవి. నాలుగు వెంటవెంటనే. అయిదోదానికి చాలాసేపు ఆగేవాడు. ఆ కాసేపూ గోతిలో ఇస్సాకు కూడా ఊపిరి బిగబట్టేవాడు. ఆ చిల్లు మీద కాగితం అంటించడానికి చెయ్యి వచ్చేది కాదు. క్రిస్మస్ తర్వాత ఆయన రావడం మానేశాడు. ఇప్పుడు ఏడో అట్ట మీద ఎవరు పడితే వాళ్లు కాలుస్తున్నారు. ఆఫీసులో అడగొచ్చు. గోతిలో పనిచేసేవాడు సభ్యుల గురించి ఆరా తీస్తే ఏం బాగుంటుందని ఊరుకున్నాడు. బెంగ మాత్రం పోలేదు.

సంతోష్‌నగర్ అవతల మైదానంలో పల్లె ఆటల మేళా. కుస్తీలు, కర్రసాము, గిల్లీదండా. షూటింగ్ సంఘం సభ్యులకు టికెట్టు లేదు, కార్డు చూపిస్తే చాలు. సంఘం కార్యదర్శి వేణుమాధవ్ ఇస్సాకును సభ్యుల గేటు దగ్గర కూర్చోబెట్టాడు.

"ముప్పై ఏళ్లుగా ఉన్నావు. కార్డు మర్చిపోయినవాళ్లను నువ్వైతే గుర్తుపడతావు."

తనకు ఒక్క ముఖమూ తెలియదని ఇస్సాకు చెప్పలేదు. చెబితే ఇంకొకరిని కూర్చోబెడతారు.

కార్డు లేకుండా ఒక పెద్దమనిషి వచ్చాడు. "నన్ను గుర్తుపట్టలేదా?"

"ఏ నంబర్ల కొడ్తరు సార్?"

"మూడు."

"ఆఁ, మీ గుండ్లు ఎప్పుడు కుడిదిక్కు పోతయ్. పోండ్రి లోపలికి."

ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లాడు. కార్డు ఉన్నవాళ్లనూ ఇస్సాకు అడుగుతూనే ఉన్నాడు. రెండు, తొమ్మిది, అయిదు. ఏడో నంబరాయనకు చెప్పాలని ఒక్క మాట సిద్ధం చేసుకున్నాడు, మీ చెయ్యి మస్తుంటది సార్ అని. మధ్యాహ్నం దాటినా ఏడు అన్నవాళ్లు లేరు.

అప్పుడు గొడుగు పట్టుకుని ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి.

"ఈ కార్డు మావారిదండీ, పరబ్రహ్మం గారిది. దీనిమీద నన్ను రానిస్తారా? మేళాకు తీసుకెళ్తానన్నారు. ఫిబ్రవరిలో పోయారు."

ఇస్సాకు నోటికి పొద్దుటి నుంచి అలవాటైన ప్రశ్నే వచ్చింది. "ఏ నంబర్ల కొడ్తుండిరమ్మా?"

"ఏడు. అది ఖాళీ లేకపోతే ఇంటికొచ్చేసేవారు."

అతను లేచి నిలబడ్డాడు.

"అయిదో గుండుకు గంతసేపు ఎందుకు ఆగుతుండిరమ్మా?"

"ఆగేవారా?" ఆవిడ ఆశ్చర్యపోయింది. "నేనెప్పుడూ రాలేదండీ. మీరు చూసేవారా ఆయన్ని?"

"లేదమ్మా. ఒక్కసారి గూడ చూడలె." అన్నాడు ఇస్సాకు. "చెయ్యి మస్తుంటుండె. గసొంటి చెయ్యి ఇంకోటి లేదు."

"ఇంట్లో మేకు కొట్టమంటే వేలు నలగ్గొట్టుకునేవారు," అంటూ నవ్వి, ఆవిడ కళ్లు తుడుచుకుంది.

కార్డు సభ్యుడికి తప్ప వేరొకరికి చెల్లదని గేటు మీదే రాసి ఉంది. ఇస్సాకు దారి వదిలాడు. "పోండ్రి అమ్మా."

"దీన్ని తిరిగి ఇచ్చేయమని సంఘంవాళ్లు అన్నారు. మీకే ఇచ్చేస్తున్నాను." ఆవిడ కార్డు బల్ల మీద పెట్టి జనంలోకి వెళ్లింది.

ఇస్సాకు వెంటనే చూడలేకపోయాడు. తర్వాత వచ్చిన ఇద్దరిని ఏ నంబరని అడగకుండానే లోపలికి పంపాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, బోర్లా ఉన్న కార్డు తిప్పాడు. బొటనవేలి గోరంత ఫొటో. బట్టతల, మందపాటి కళ్లద్దాలు, మెడదాకా గుండీలు పెట్టుకున్న గళ్ల చొక్కా, సంఘం ముద్ర సగం కప్పేసిన గడ్డం.