అద్దెకిచ్చిన మంచం

మొదటి మంచు కరగకుండా నిలబడిన రోజున బుర్గి తన మంచం మీది దుప్పటి లాగేసింది. అలమర తలుపులు బార్లా తెరిచి తన గౌన్లూ, మొగుడు కాసియన్ చొక్కాలూ, సొరుగులోని జపమాలా, గోడ మీది పెళ్ళి ఫోటో, అన్నీ పెట్టెల్లో సర్దడం మొదలుపెట్టింది. ఏటా ఉండే పనే. కొండ మీదికి వేలాడుతూ పోయే కుర్చీలు తిరగడం మొదలైతే చాలు, ఆస్ట్రియాలోని ఆ లోయలో గదులు అద్దెకిచ్చే ప్రతి ఇంట్లోనూ ఇంటివాళ్ళు నేలమాళిగలోకి దిగుతారు, మంచు మీద స్కీ ఆడడానికి జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు పైకెక్కుతారు. మళ్ళీ ఈస్టరు దాటాకే ఎవరి మంచం వాళ్ళది.

"కొండ కనపడే గది ఇదొక్కటే. దీన్ని మనం పెట్టుకుని వాళ్ళకి వెనక గది ఇస్తే ఎవరొస్తారు?" అన్నాడు కాసియన్, పెళ్ళయిన మొదటి చలికాలం. నిజమే కదా అనుకుంది. అప్పుడు ఆమెకి అన్నీ నిజమే అనిపించేవి. కింద, ఇల్లు వెచ్చబెట్టే బాయిలరు పక్కన రెండు మంచాలు వేసుకున్నారు. తలవైపు గోడకి అతిథుల స్కీ బూట్లు ఆరేస్తారు. తెల్లారేసరికి బూట్లు పొడిగా అవుతాయి, ఆ చెమట వాసనంతా బుర్గి జుట్టుకి పడుతుంది. కూతురు వెరోనికా చిన్నప్పుడు అక్కడే దగ్గుతూ పెరిగింది. "అమ్మా, మంచు పడితే మన ఇల్లు వాళ్ళదైపోతుందా?" అని అడిగేది. ఇప్పుడు ఇన్‌స్‌బ్రుక్ పట్నంలో నర్సు. సెలవులకి రమ్మంటే, "ఎక్కడ పడుకోను, బూట్ల మధ్యనా?" అంటుంది.

బుర్గి వాళ్ళ మంచం మీద ఏటా జర్మనీలోని కాసెల్ నుంచి వచ్చే డాక్టరు గారూ భార్యా పడుకుంటారు. పాపం, మంచివాళ్ళే. కిందటేడు ఉదయం ఫలహారాల దగ్గర ఆవిడ బుర్గి చెయ్యి పట్టుకుని, "మీ మంచం మీద పడుకుంటే అచ్చం మా ఇంట్లో ఉన్నట్టే ఉంటుందండీ! అవునూ, మరి మీరెక్కడ పడుకుంటారు?" అని అడిగింది. బుర్గి నోరు తెరిచేలోపే కాసియన్ అందుకున్నాడు. "సీజన్‌లో మేం పడుకోమండీ!" అని. బల్ల చుట్టూ అందరూ విరగబడి నవ్వారు. కాఫీ కూజా పట్టుకుని బుర్గి కూడా నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి, కూజా కింద పెట్టి, తను ఎందుకు నవ్వినట్టో ఆలోచిస్తూ నిలబడిపోయింది. పొయ్యి మీద గుడ్లు గట్టిపడిపోయాయి. "గుడ్లు ఉడకబెట్టడం కూడా మర్చిపోయావటే?" అంది అత్తగారు ఫిలోమెనా.

ఆ రోజు నుంచి బుర్గి కాలు ఒకచోట నిలవడం మానేసింది. పరుపు దులుపుతూ కిటికీ దగ్గరికి వెళ్ళేది. కిటికీ తుడుస్తూ మెట్ల మీదికి వచ్చేది. వేసవంతా గడ్డి కోస్తున్నా, పశువుల్ని కొండ మీది నుంచి దింపుతున్నా, లోపల ఎవరో గదిలోంచి గదిలోకి తిరుగుతున్నట్టే ఉండేది. నేను ఈ ఇంట్లో ఎవర్ని? అతిథిని కాదు, అతిథికి మంచం ఉంటుంది. పనిమనిషిని కాదు, పనిమనిషికి జీతం ఉంటుంది. ఇంటిదాన్నే అంటారు. ఇంటిదానికి ఇల్లేదీ? ఇలా అనుకుని, అంతలోనే, నాకేం తక్కువయింది, కాసియన్ తాగడు, కొట్టడు, తను కూడా నాతో పాటే బూట్ల కింద పడుకుంటాడు కదా అని తనకి తనే సర్దిచెప్పుకునేది. ఆయన అక్కడ పడుకునేది ఆయన ఇష్టం. నేను అక్కడ పడుకునేది కూడా ఆయన ఇష్టమే. అక్కడికొచ్చేసరికి ఆలోచన మళ్ళీ లేచి నడవడం మొదలెట్టేది.

అక్టోబరులో రొట్టెల బండి ఆవిడ మాటల్లో చెప్పింది, పక్క లోయలో ఎత్తున ఉన్న పెద్ద హోటల్ వాళ్ళు చలికాలానికి మనుషుల్ని వెతుక్కుంటున్నారని. జీతం, భోజనం, ఒక్కరికే చిన్న గది, వారానికో రోజు సెలవు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు బుర్గి ఫోను చేసింది. అవతల హోటల్లో గదుల పని చూసే పెద్దావిడ గొంతు చెక్క చీల్చినట్టు ఉంది.

"ఇదివరకు ఎక్కడ చేశారు?"

"మా ఇంట్లోనే."

"ఇంట్లో అందరూ చేస్తారమ్మా. గదుల పని అడుగుతున్నాను."

"గదుల పనేనండీ. పెళ్ళయినప్పట్నుంచీ."

"ఎవరి కింద?"

"మా అత్తగారి కింద."

అవతల నుంచి పెద్ద నవ్వు. "అయితే ఇంకేం! అంతకన్నా గట్టి మేనేజరు మా దగ్గర లేదు. డిసెంబరు మొదట్లో వచ్చెయ్యండి."

ఆదివారం చర్చి నుంచి వచ్చి సూపు వడ్డిస్తూ చెప్పింది. కాసియన్ మొదట హాస్యమనుకున్నాడు.

"అక్కడికెళ్ళి చేసేదేంటి? పరుపులు దులపడమేగా! ఇక్కడేమైనా తక్కువయ్యాయా నీకు పరుపులు?"

"తక్కువ కాలేదు."

"మరి?"

బుర్గి గరిటె ముంచి అత్తగారి పళ్ళెంలో సూపు పోసింది.

"ఊళ్ళో ఏమంటారే?" అంది ఫిలోమెనా. "సొంత ఇంట్లో అతిథుల్ని పెట్టుకుని పరాయి ఇంట్లో చీపురు పట్టుకుంటావా? నా కాలంలో గడ్డివాములో పడుకున్నానే నేను, ఆరుగురు పిల్లల్ని వేసుకుని. ఎప్పుడైనా నోరెత్తానా?"

"ఎత్తలేదు అత్తయ్యా."

"అదీ!"

"మరి ఇక్కడ పనెవరు చేస్తారు?" అన్నాడు కాసియన్.

"ఎవరినైనా పెట్టుకో."

"పెట్టుకుంటే జీతమివ్వాలి కదా!"

ఆ మాట బల్ల మీద పడింది. "సూపు చల్లారిపోతోంది," అంది ఫిలోమెనా. తిన్నాక, గిన్నెలు తుడుస్తున్న కోడలి పక్కకి వచ్చి నిలబడి, గొంతు తగ్గించి అడిగింది. "ఆ సెలవు రోజున ఏం చేస్తావే?"

"తెలీదు అత్తయ్యా."

"తెలీకుండా ఎలాగే?" అంది ముసలావిడ. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఆవిడకి అర్థం కాలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే అదే పోతుందని కాసియన్ అనుకున్నట్టున్నాడు. బుర్గి మాత్రం పై ఊరి వితంతువు ఒకావిడతో మాట్లాడి, పనికి కుదిర్చి, ఏ దుప్పటి ఏ అలమరలో ఉందో చూపించింది. ఇప్పుడు మంచు నిలబడింది. మధ్యాహ్నం బస్సుకి వెళ్ళాలి. వెళ్ళేలోపు ఈ గది సిద్ధం చేసి పోదామనుకుంది. ఆయన బట్టలు ఒక అట్టపెట్టెలో, తనవి తోలుపెట్టెలో సర్దింది. తెల్ల దుప్పటి పరిచి, మూల మడుస్తూ ఉంటే గుమ్మంలో కాసియన్ వచ్చి నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, పరాయివాళ్ళ గదిలోకి వచ్చినట్టు.

"చూడు బుర్గీ," అన్నాడు. "వెళ్ళకు. ఈ గది ఈ ఏడు ఎవరికీ ఇవ్వను. డాక్టరు గారికి వెనక గది చాలు. నీ మంచం మీద నువ్వే పడుకో."

ఆమె చేతులు ఆగిపోయాయి. ఎదురుగా కిటికీలో కొండ, దాని మీద ఎండ. మంచు మీద పడ్డ ఎండని ఈ మంచం మీంచి ఒక్క ఉదయమైనా చూడలేదు ఆమె. ఒక్క క్షణం ఒళ్ళంతా ఆ పరుపు మీద వాలిపోయినట్టయింది. ఇదే కదా కావలసింది, ఇంతే కదా! ఇంతే. అతిథులు రాకుండా పోరు. ఇల్లు కూలిపోదు. మనిషి గుమ్మంలో నిలబడి ఒక్క మాట అంటే చాలు.

"ఇది ఎప్పుడు తోచింది నీకు?" అని అడిగింది మెల్లగా.

"తోచడమేముంది? ఎప్పుడైనా మనమే ఉంచుకోవచ్చు. మన గదేగా," అన్నాడతను, ఆమె మెత్తబడిందనుకుని కాస్త నవ్వుతూ. "నువ్వెప్పుడూ అడగలేదు."

బుర్గి దుప్పటి మూల పరుపు కిందికి గట్టిగా దోపింది. ముడతలేమైనా ఉన్నాయేమోనని అరచేత్తో ఒకసారి నిమిరింది. కోటు తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని అతని వైపు తిరిగింది.

"ఇదిగో, ఇప్పుడు అడుగుతున్నాను," అంది. "బస్సు దాకా ఆ పెట్టె నువ్వు మోస్తావా, నేనే మోసుకోనా?"