అరుపులమ్మ నవ్వు

“ఆ మిక్సీ ఆపు! మొదలైపోయింది!” హాల్లోంచి భర్త కేక వేశాడు.

ఆమె మిక్సీ ఆపింది. జార్లో మసాలా సగం నలిగి, సగం నలక్కుండా ఉండిపోయింది. నిజం చెప్పాలంటే ఆమెకు మసాలాతో పని లేదు. ఆ చప్పుడు చాటున ఒక్కసారి నోరు తెరిచి నవ్వి చూద్దామనుకుంది, అంతే. ఆ మాత్రం అదృష్టం కూడా లేకపోయింది.

ఆ ఇంట్లో గూఢచారి సీరియల్ వస్తున్నంతసేపూ వంటింట్లో చప్పుడు కాకూడదు. గిన్నె జారకూడదు, కుక్కర్ కూత పెట్టకూడదు, ఆమె గొంతు లేవకూడదు. ఈ చివరిది మాత్రం సీరియల్‌తో వచ్చిన నియమం కాదు. పెళ్ళయిన కొత్తలోనే అత్తగారు చెప్పింది, “మా ఇంట్లో ఆడవాళ్ళ మాట గడప దాటదమ్మాయ్” అని. గొప్పగా చెప్పిందో, హెచ్చరికగా చెప్పిందో ఆవిడకే తెలియాలి.

తమాషా ఏమిటంటే, హాల్లో తల్లీకొడుకులు చెవులు రిక్కించి వింటున్న ఆ సీరియల్లో గూఢచారి పిల్ల అరుపులు ఈమెవే! సీరియల్ వేరే భాషది. డబ్బింగు థియేటర్లో గూఢచారి పిల్లకు మాటలు చెప్పేది ఒక పెద్దావిడ. కానీ ఆ పిల్ల ఊరుకుంటుందా? మేడ మీంచి దూకుతుంది, నీళ్ళలో మునుగుతుంది, నలుగురిని తన్ని తను నాలుగు తింటుంది. ఆ అరుపులూ రొప్పులూ మూలుగులూ అన్నీ చేస్తే పెద్దావిడ గొంతు పాడైపోతుందని, ఆ పని ఈమెకిచ్చారు. మధ్యాహ్నం అంట్లు తోమడానికీ సాయంత్రం టీకీ మధ్య వెళ్ళి, గుండెలు పగిలేలా అరిచి వస్తుంది. అక్కడ అందరూ ఆమెను ‘అరుపులమ్మ’ అంటారు. ఆ సంగతి ఇంట్లో చెప్పకపోలేదు. చెబితే భర్త పొలమారేదాకా నవ్వాడు. “నువ్వా? నీ గొంతు వంటింట్లోంచి హాల్లోకే వినపడదు కదే!” అన్నాడు. అక్కడేదో చిల్లర పని చేసొస్తోందనుకుని ఊరుకున్నాడు. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టు.

ఆ సీరియల్ అంటే ఆయనకు ప్రాణం. ప్రతిసారీ గూఢచారి పిల్ల సగం తాగిన కప్పు బల్ల మీద పెట్టి, “నా కోసం ఎదురుచూడకండి” అని లేచి వెళ్ళిపోతుంది. ఊరు పేలిపోయే వేళ అయినా సరే, బట్టతల బాసు వెనకనుంచి దీనంగా “మరి నా టీ?” అంటాడు. అంతే, ఈయన సోఫా చరుస్తూ నవ్వుతాడు. అత్తగారు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వుతుంది. ఆమెకు నచ్చింది మాత్రం వేరే. ఆ పిల్ల బురదబట్టలతో ఇంటికొస్తే, ఇంతసేపూ ఎక్కడ ఊరేగావని ఎవరూ అడగరు. మోచేతికి కట్టు కట్టుకుని కూర్చుంటే, రాత్రికి కూరేమిటని ఎవరూ అడగరు. ఒంటిచేత్తో హెలికాప్టర్‌కి వేలాడుతూ, “కాస్త మెల్లగా పోనివ్వవయ్యా, జుట్టు చెదిరిపోతోంది” అని విలన్‌ని కసురుకుంటుంది. చచ్చేంత ప్రమాదంలో ఉన్నా హాస్యం ఆడేంత తీరిక ఆ పిల్లకుంది. ఏ ప్రమాదమూ లేని ఈ ఇంట్లో తనకెందుకు లేదు? అది తలుచుకుంటే ఆమెకు కాళ్ళు నిలవవు. తుడిచిన గట్టే మళ్ళీ తుడుస్తుంది. సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దుతుంది. కాలుగాలిన పిల్లిలా ఆ నాలుగు గోడల మధ్యే తిరుగుతుంది.

ఇవాళ అయితే మరీను. పెద్దావిడ గొంతుకు ఆపరేషన్ అయింది, ఇక మాటలు చెప్పడం కుదరదట. డబ్బింగు దర్శకురాలు మధ్యాహ్నం ఈమెను పిలిచి, “మాటలు కూడా నువ్వే చెప్పు, అరుపులమ్మా. ఆ పిల్ల ఊపిరి నీదైనప్పుడు మాట పరాయిది ఎందుకు? కాకపోతే రికార్డింగు సాయంత్రాలు” అంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మాటలు చెప్పింది, బాగా కుదిరాయి. ఆఖరున తప్పించుకున్నాక ఆ పిల్ల తల వెనక్కి వాల్చి పగలబడి నవ్వాలి. ఇన్నాళ్ళూ ఆ నవ్వు పెద్దావిడది. ఈమె నవ్వింది.

అద్దం వెనకనుంచి సౌండు ఇంజనీరు, “అక్కా, చెయ్యి తియ్యి” అన్నాడు.

“ఏ చెయ్యి?”

“నోటికి అడ్డం పెట్టావు.”

చూసుకుంటే నిజమే. మళ్ళీ నవ్వింది, మళ్ళీ చెయ్యి దానంతటదే లేచింది. చేతులు వెనక్కి కట్టుకుని ప్రయత్నిస్తే నవ్వే రాలేదు. సిగ్గుతో చచ్చినంత పనైంది. అరుపులకు లేవని చెయ్యి నవ్వుకెందుకు లేస్తోంది? బస్సులో వస్తూ అదే ఆలోచన. అరవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఎవరూ మాన్పించనూ లేదు. ఇంట్లో ఎప్పుడైనా అరిస్తే కదా! నవ్వు అలా కాదు. “ఆడపిల్లవి, ఏంటా ఇకిలింపు?” అన్నాడు నాన్న. “పళ్ళు కనపడనివ్వకు” అంది పెళ్ళి ఫొటో తీసేటప్పుడు అత్తగారు. ఒకరోజు స్నేహితురాలితో ఫోన్లో నవ్వుతుంటే, “లోపలికెళ్ళి నవ్వు, పరువు పోతోంది” అన్నాడు భర్త. ఎంతమంది కలిసి ఆ చేతిని తన నోటిదాకా ఎత్తారో!

“రేపటికి ఆ నవ్వు తెచ్చుకో. లేదంటే ఇంకో గొంతు చూసుకోవాలి. నాకూ గత్యంతరం లేదమ్మా” అని చెప్పి పంపింది దర్శకురాలు, ఆమె బయల్దేరేముందు.

ఇంటికొచ్చి సాయంత్రాల సంగతి భర్తతో చెప్పింది. “మధ్యాహ్నమంటే సరే, అప్పుడు ఇంట్లో నీతో ఎవరికీ పనుండదు. సాయంత్రం ఎలా కుదురుతుంది? ఆలోచిద్దాంలే” అన్నాడాయన. ఆయన ‘ఆలోచిద్దాం’ అన్నాడంటే ఆ మాట అక్కడితో సమాధి అయినట్టే. ఆమెకు ఒళ్ళు మండింది. అయినా నవ్వే రానప్పుడు ఎవరితో పోట్లాడి ఏం లాభం?

“టీ!” హాల్లోంచి మళ్ళీ కేక.

మూడు కప్పులు పళ్ళెంలో పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని వెళ్ళింది. టీవీలో గూఢచారి పిల్ల పనిమనిషి వేషంలో, ఆమెలాగే పళ్ళెం పట్టుకుని, విలన్ల మధ్యకు నడుస్తోంది. అరుపు లేని చోటు కాబట్టి థియేటర్లో ఆమె ఇది చూడలేదు. అంతమంది దుర్మార్గుల్లో ఒక్కడైనా ఆ పిల్ల మొహం కేసి చూస్తే కదా! ఊరంతా ఎవరి కోసం గాలిస్తున్నారో, ఆ మనిషే పక్కన నిలబడి టీ ఇస్తోంది. ఒకడి జేబులోంచి బాంబు తాళం లాగేసింది, వాడి ముందున్న బల్ల కూడా శుభ్రంగా తుడిచింది. పెద్ద విలన్ తల ఎత్తకుండానే ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, “చక్కెర తక్కువైంది” అన్నాడు.

సరిగ్గా అప్పుడే, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా పళ్ళెంలోంచి కప్పు తీసుకున్న భర్త, ఒక గుక్క తాగి, “చక్కెర తక్కువైంది” అన్నాడు.

ఆమె పొట్టలో ఎక్కడో మొదలైంది. చెయ్యి లేవబోయింది, లేవలేకపోయింది. రెండు చేతులూ పళ్ళేనికి అంటుకుపోయాయి మరి. నోరు తెరుచుకుంది. నవ్వు! పళ్ళెం గడగడలాడింది, టీ తొణికి వేళ్ళు కాలాయి, అయినా ఆగలేదు. తల వెనక్కి వాలింది. టీవీ మోత ఆ నవ్వులో మునిగిపోయింది. చివరికి ఊపిరందక ఆయాసంతో రొప్పుతూ నిలబడింది.

అత్తగారు టీవీని చూసింది, కోడలిని చూసింది. “అమ్మాయ్... ఆ రొప్పు... రోజూ వినే రొప్పే అది! అయితే నువ్వు చెప్పింది నిజమేనా?”

“ఏంటా నవ్వు? పక్కింటికి వినపడుతోంది!” అన్నాడు భర్త.

“వినపడిందా అండీ?” ఆమె ఆత్రంగా అడిగింది. “వంటింట్లోంచి హాల్లోకే రాదన్నారు కదా, పక్కింటిదాకా వినపడిందా?”

ఆయన చేతిలోని కప్పు కింద పెట్టాడు. ఆమె పళ్ళేన్ని తీసుకెళ్ళి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన పట్టుకున్నాడు, పట్టుకోక ఏం చేస్తాడు? ఆమె చేతులు ఖాళీ అయ్యాయి. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, చెయ్యి మాత్రం లేవలేదు.

“రేపట్నుంచి సాయంత్రాలు నాకు పనుంది. నా కోసం ఎదురుచూడకండి.”

ఆయన పళ్ళెంకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. హాస్యానికి కాదు, పాపం, నిజంగానే బెంగపడి అడిగాడు.

“మరి నా టీ?”

సోఫాలో అత్తగారు ఘొల్లున నవ్వింది. ఆవిడ రెండు చేతులూ పొట్ట పట్టుకునే ఉన్నాయి. ఇన్నేళ్ళ కాపురంలో, అత్తగారికి ముందుపన్ను ఒకటి లేదని ఆమెకు ఆ రోజే తెలిసింది.